మూడో గడి

మా గల్లీలో పింఛను అన్న మాటకు మూడు అర్థాలున్నాయి. మూలమీది ఇంట్లో ఉండే రిటైర్డ్ టీచర్ సారుకు అది చివరి జీతంలో సగం, దానిమీద ఎప్పటికప్పుడు పెరిగే కరువు భత్యం. ఇస్త్రీ బండి తాతకు అది ఆసరా పింఛను, 2019 నుంచి నెలకు 2,016 రూపాయలు. మా నాయినకు అది పీఎఫ్ పింఛను. మొదటి రెండింటి గురించి ఎన్నికల సభల్లో మాట్లాడతారు, పేపర్లో రాస్తారు. మూడోది మాత్రం ఫ్యాక్టరీ గేటు ముందు చాయ్ బండి దగ్గర తప్ప పెద్దగా వినపడదు. అది కూడా ఎప్పుడూ ప్రశ్నలాగే. "నీకెంత వస్తుందంట? ఇప్పుడే తీసుకుంటున్నవా, ఆగుతున్నవా?"

ఆ రెండో ప్రశ్న మా ఇంట్లో దాదాపు మూడు నెలలు నడిచింది.

నాయిన పటాన్‌చెరులో ఒక మందుల కంపెనీలో బాయిలర్ దగ్గర 27 ఏళ్ళు పనిచేశాడు. ఫస్ట్ క్లాస్ సర్టిఫికెట్ ఉన్న బాయిలర్ అటెండెంట్. 2023లో ఆయనకు 58 నిండాయి. కంట్రాక్టర్ కింద మళ్ళీ రమ్మని కబురొచ్చింది. అదే బాయిలర్, వేరే రంగు యూనిఫాం, తక్కువ జీతం. నాయిన వద్దన్నాడు. ఆ విషయంలో ఒక్క పూట కూడా ఆలోచించలేదు. పింఛను దగ్గరికొచ్చేసరికి మాత్రం ఆగిపోయాడు.

"తొందరేముందిరా? అండ్ల ఉండనీ. ముట్టకుంటే పెరుగుతది."

నియమం చెప్పాలంటే, ఆగొచ్చు. 1995 నవంబర్ 16న మొదలైన ఈ ఉద్యోగుల పింఛను పథకంలో కనీసం పదేళ్ళ సర్వీసు ఉంటే 58 ఏళ్ళకు పూర్తి పింఛను వస్తుంది. 50 దాటాక ఉద్యోగం మానేసినవాళ్ళు ముందే తీసుకోవచ్చు, కాకపోతే ముందు తీసుకున్న ప్రతి ఏడాదికీ 4 శాతం కోత. 58 తర్వాత 60 దాకా ఆగితే ఏడాదికి 4 శాతం చొప్పున పెరుగుతుంది. ఎంత వస్తుందన్నది సూత్రం తేలుస్తుంది. పింఛను లెక్కకు తీసుకునే జీతాన్ని సర్వీసుతో గుణించి 70తో భాగించాలి. ఆ జీతానికి పరిమితి ఉంది. 2014 ఆగస్టు దాకా 6,500 రూపాయలు, ఆ తర్వాత 15,000. నిజం జీతం ఎంతైనా కావచ్చు, సూత్రానికి అంతవరకే కనపడుతుంది. 15,000 మీద 35 ఏళ్ళు పనిచేసినవాడికి కూడా వచ్చేది 7,500. నాయిన సర్వీసులో ఎక్కువ భాగం 6,500 కాలంలోది కాబట్టి లెక్క 4,000 చిల్లర దగ్గర తేలింది.

డాలస్‌లో ఉన్న మా పెద్దనాయిన కొడుక్కి ఈ సంగతి తెలిసి ఫోన్ చేశాడు. "చిన్నాయనను ఆగమను. ఇక్కడ అందరం అదే చేస్తం. ఏడాది ఆగితే ఎనిమిది శాతం పెరుగుతది." ఆయన మాటలో తప్పు లేదు, అది అక్కడి మాట. అమెరికా సోషల్ సెక్యూరిటీలో 1960లో, ఆ తర్వాత పుట్టినవాళ్ళకు పూర్తి వయసు 67. 70 దాకా ఆగితే ఏడాదికి 8 శాతం లెక్కన 24 శాతం ఎక్కువ వస్తుంది. పైగా ధరలతో పాటు ఏటా సవరిస్తారు. మూడేళ్ళు వదులుకున్నది మళ్ళీ పూడడానికి పన్నెండున్నరేళ్ళు పడుతుంది. అంటే 82 దాటి బతికితే ఆగినవాడిదే లాభం. భార్యాభర్తలిద్దరిలో ఒకరు అంతకాలం బతికే అవకాశం ఉంది కాబట్టి అక్కడి సలహాదారులు చాలామంది "వీలైతే ఆగండి" అంటారు.

సాఫ్ట్‌వేర్ వాణ్ణి కదా, చేతికి వచ్చిన పని ఎక్సెల్ తెరవడం. అదే లెక్కలో మన అంకెలు వేశాను. నెలకు 4,000 అనుకుంటే రెండేళ్ళు ఆగినందుకు వదులుకునేది 96,000. దానికి బదులు వచ్చేది నెలకు 320. 96,000ని 320తో భాగిస్తే 300 నెలలు. అంటే 60 నుంచి ఇంకో 25 ఏళ్ళు. నాయినకు 85 వచ్చిన రోజున ఆగినవాడూ ఆగనివాడూ సమానమవుతారు. ఆ తర్వాత బతికిన నెలలు మాత్రమే లాభం. అదీ ఈ పింఛనుకు కరువు భత్యం లేదని మర్చిపోతే. ధరలు ఏటా 5 శాతం పెరుగుతాయనుకుంటే, పాతికేళ్ళ తర్వాత వచ్చే 320 రూపాయలు ఇవాళ్టి 95 రూపాయలతో సమానం.

లెక్క ఇంత ఏకపక్షంగా ఉన్నప్పుడు చర్చ అక్కడే అయిపోవాలి. కాలేదు. నాయిన ఫోన్‌లో ఆ పట్టికను వేలితో పైకీ కిందికీ జరిపి, "85 దాకా నేనుంటనని నీకు నమ్మకం లేదా?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. అయినా అంత మాట వచ్చాక ఎక్సెల్ మూసెయ్యాల్సిందే.

నాయిన తరంలో పైసలంటే దాచేవి. చిట్టీ ఎత్తకుండా ఆగినవాడికి ఎక్కువ మిగిలింది. ఫిక్స్‌డ్ డిపాజిట్ విరగ్గొట్టనివాడికి వడ్డీ నిండుగా వచ్చింది. ఆడపిల్ల పెళ్ళికీ ఇంటి స్లాబుకీ తప్ప పీఎఫ్ ముట్టనివాడు తెలివైనవాడు. ముట్టకుంటే పెరుగుతుందన్నది ఆయన జీవితమంతా నిజమైన మాట. పీఎఫ్ పాస్‌బుక్ చూసినా అలాగే అనిపిస్తుంది. మూడు గడులుంటాయి. మొదటిది ఉద్యోగి వాటా, రెండోది కంపెనీ వాటా, మూడోది పెన్షన్. కంపెనీ కట్టే 12 శాతంలో 8.33 శాతం ఆ మూడో గడిలోకి పోతుంది. మూడింట్లోనూ నెలనెలా అంకె పడుతుంది కాబట్టి మూడూ దాచుకున్న సొమ్మే అనుకుంటాం. కానీ ఏడాది చివర వడ్డీ పడేది మొదటి రెండింటికే. మూడో గడిలోది మన పేరు మీద పెరుగుతున్న సొమ్ము కాదు. అక్కడున్నది ఒక మాట మాత్రమే: నువ్వు బతికి ఉన్నంతకాలం నెలకు ఇంత. దాన్ని ముట్టకుండా ఉంచితే పెరగదు. మన వైపు నుంచి నెలలు తరిగిపోతాయి, అంతే.

ఇది నాయినకు చెప్పాను. పాస్‌బుక్ పక్కన పెట్టి చూపించాను. ఆయన కాసేపు చూసి, అసలు సంగతి అప్పుడు చెప్పాడు. "ఆ కాయితం మీద సంతకం పెడితే పని ఖతమైనట్టే గద."

రిటైర్మెంట్ రోజు శాలువా కప్పారు, గోడ గడియారం ఇచ్చారు, బాయిలర్ ముందు ఫోటో దిగారు. అయినా ఆయన మనసులో ఎక్కడో పని ఇంకా అయిపోలేదు. పింఛను దరఖాస్తు పెట్టనంతకాలం 58 అన్నది సెలవులాంటిది. పెట్టాక వయసు. మూలమీది సారును మా గల్లీలో "పెన్షన్ సారు" అంటారు. ఆ మాటలో గౌరవమే ఉంది. కానీ ఆ పిలుపు తన దాకా వస్తుందని నాయిన అనుకోలేదు.

చివరికి తేల్చింది అమ్మ. "వచ్చే పైసలు ఒద్దంటే నీ వయసు ఆగుతదా?" అంది, చిక్కుడుకాయ ఈనెలు తీస్తూ.

ఫారం 10డి నింపాం. పీఎఫ్ రికార్డులో నాయిన ఇంటిపేరు ఒకలాగ, ఆధార్‌లో ఇంకోలాగ ఉంది. ఎప్పుడో కంపెనీ ఆఫీసులో ఎవరో ఒక అక్షరం ఎక్కువ వేశారు. ఆ అక్షరం తీయించడానికి కంపెనీ చుట్టూ నాలుగుసార్లు తిరిగాం. దరఖాస్తుతో పాటు ఇచ్చే కాగితాల్లో గుర్తింపు చిహ్నాలు రాయాలి. అందరూ పుట్టుమచ్చలు రాస్తారు. నాయిన ఎడమ మోచేయి కింద ఆవిరికి కాలిన మచ్చ రాయించాడు. అది 2003లో, గేజ్ గ్లాస్ పగిలినప్పటిది. ఆయన సర్వీసు అంతటికీ ఆ కాగితాల్లో దొరికిన వివరం అదొక్కటే.

ఇక రిటైరైన జీవితం. తెలుగులో ఆ జీవితానికి మనందరి తలల్లో ఉన్న బొమ్మ శ్రీరమణ 'మిథునం'. 2012లో తనికెళ్ళ భరణి దాన్ని సినిమాగా తీశాక ఆ బొమ్మ ఇంకా స్థిరపడిపోయింది. పెరడూ వంటా, ముసలి దంపతుల ముద్దు తగాదాలూ. నాకు ఇష్టమైన కథే. కానీ దానిలో డబ్బు ఎక్కడి నుంచి వస్తుందన్న దిగులు లేదు, కాలం ఎలా గడపాలన్న దిగులు అసలే లేదు. వాళ్ళకు రోజు చాలదు. నేను చదివిన మన కథల్లో రిటైరైనవాడు చాలాసార్లు టీచరో గుమస్తానో అయి ఉంటాడు. మూడు షిఫ్టుల్లో నిద్రను ముక్కలు చేసుకుని, 58 ఏళ్ళకు ఒక్కసారిగా 24 గంటలు చేతిలో పడ్డవాడు ఎక్కడో గాని కనపడడు. రెండు గదుల ఇంట్లో, పెరడు లేనిచోట, ఆ మనిషి ఏం చేస్తాడు?

మా ఇంట్లో ఏం చేశాడో చెప్తాను. మొదటి నెల పొద్దున నాలుగున్నరకు లేచి కూర్చున్నాడు. రెండో నెల నుంచి లాగ్ షీట్ మొదలుపెట్టాడు. బాయిలర్ దగ్గర గంటకోసారి ప్రెషర్, నీటి మట్టం, ఫీడ్ వాటర్ ఉష్ణోగ్రత రాసేవాడు. ఇంట్లో నల్లా వచ్చిన టైము, ట్యాంకు నిండడానికి పట్టిన నిమిషాలు, కరెంటు మీటర్ రీడింగ్, గ్యాస్ సిలిండర్ పెట్టిన తేదీ. కుక్కర్ విజిల్ ఆలస్యమైతే వంటగదిలోకి వచ్చి గాస్కెట్ చూసేవాడు. అమ్మ 27 ఏళ్ళుగా ఒంటరిగా నడిపిన ఫ్యాక్టరీలోకి కొత్త ఇన్‌స్పెక్టర్ దిగాడు. మధ్యాహ్నం రెండింటికి ఆమెకు ఒక సీరియల్ ఉంటుంది, ఒక కునుకు ఉంటుంది. అది ఆమె షిఫ్టు మార్పు. ఆ గంట కూడా పోయింది. "నువ్వు డ్యూటీకి పోతున్నప్పుడే మంచిగుండె" అని ఒకరోజు అనేసింది. రిటైర్మెంట్ ఒకరిదే అనుకుంటాం, దానికి అలవాటు పడాల్సింది ఇద్దరు.

సర్దుబాటు మెల్లగా జరిగింది. ఎవరూ కూర్చుని మాట్లాడుకోలేదు. రెండింటికి నాయిన బయటికి పోవడం మొదలుపెట్టాడు. మొదట్లో చాయ్ బండి దాకా, తర్వాత పక్క కాలనీలో ఐటీఐ చదివే ఇద్దరు పిల్లల దగ్గరికి. వాళ్ళకు బాయిలర్ సర్టిఫికెట్ పరీక్షకు కావలసినవి చెప్తాడు. ఫీజు లేదు. లాగ్ షీట్ ఇంకా ఉంది, కానీ రోజుకు ఒక్క లైనే.

పింఛను పడటం మొదలయ్యాక నాయిన పాత పద్ధతిలో దాన్ని ఆర్డీలో వేద్దామన్నాడు. అమ్మ ఒప్పుకోలేదు. "అవి దాచేటివి కావు." నేను ఎక్సెల్‌తో చెప్పలేకపోయింది ఆమె మూడు ముక్కల్లో చెప్పింది. శివరాత్రికి ఝరాసంగం పోదామని ఆమె పెళ్ళైన కొత్తలో అడిగింది. పండగైనా పబ్బమైనా బాయిలర్ ఆగదు, ఎవరో ఒకరు ఉండాలి. ఆ ఎవరో ఒకరు ఎక్కువసార్లు నాయినే. ఆ శివరాత్రికి పోయారు. కేతకి సంగమేశ్వరుణ్ణి చూసి, అటునుంచి అటే బీదర్‌లో అమ్మ అన్న ఇంట్లో మూడు రోజులుండి వచ్చారు. ఖర్చు 3,700 అయిందని లాగ్ షీట్‌లో ఉంది.

ఒక మాట మాత్రం అమ్మకు ఇంకా మింగుడుపడలేదు. "నేను పోతే నీకు సగమొస్తది" అని నాయిన నియమం చదివి వినిపించాడు. భర్త పోతే భార్యకు వచ్చేది ఆ పింఛనులో 50 శాతం. "సగమేంది? నువ్వు పోతే నాకు సగమే ఆకలైతదా?" అంది. 27 ఏళ్ళు ఫస్ట్ షిఫ్టుకు నాలుగింటికి లేచి టిఫిన్ కట్టిన మనిషి. ఆ సర్వీసు ఏ గడిలోనూ పడలేదు. ఆ ప్రశ్నకు నా దగ్గర సూత్రం లేదు.

నా పాస్‌బుక్‌లో మూడో గడిలో నెలకు 1,250 పడుతుంది. నేను 2012లో ఉద్యోగంలో చేరాను, అప్పట్లో 541 పడేది. మా టీంలో నా తర్వాత వచ్చిన పిల్లల పాస్‌బుక్‌లో అక్కడ సున్నా ఉంటుంది. 2014 సెప్టెంబర్ ఒకటి నుంచి 15,000 కంటే ఎక్కువ మూలవేతనంతో కొత్తగా చేరినవాళ్ళకు ఈ పింఛనే లేదు. కంపెనీ వాటా మొత్తం పీఎఫ్‌లోకే పోతుంది. వాళ్ళకు ఆ సున్నా ఎందుకో తెలియదు, అడగరు కూడా. వాళ్ళ లెక్కలో అన్నీ పెరిగే గడులే. బతికి ఉన్నంతకాలం ఇస్తామన్న మాట వాళ్ళకు ఎవరూ ఇవ్వలేదు. ఎప్పుడు తీసుకోవాలన్న సందేహం లేదు గానీ, ఎంతకాలానికి సరిపెట్టుకోవాలన్నది పూర్తిగా వాళ్ళ నెత్తిమీదే ఉంది.

నాయిన ఏడాదికోసారి బతికున్నట్టు రుజువు ఇవ్వాలి. ఇప్పుడు ఫోన్‌లోనే అయిపోతుంది. జీవన్ ప్రమాణ్ కోసం ముఖం చూపించి రెప్ప కొట్టాలి. మొదటిసారి నేనే ఫోన్ పట్టుకున్నాను. వెలుతురు చాలలేదని రెండుసార్లు తిప్పికొట్టింది. వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు. రెప్ప కొట్టాడు. తీసుకుంది.

"ఐపాయెనా? ఏడాది దాకా అడగరు గద" అని చెప్పులేసుకుని ఆ పిల్లల దగ్గరికి పోయాడు. టైము రెండు.