అండమాన్‌లో 62.3 శాతం

నల్లటి తెర మీద 62.3 శాతం అనే అంకె కదలక నిలబడి ఉంటుంది. పాడైన విండోస్ ఫైళ్లను సరిచేసే ‘డిస్మ్’ అనే సాధనం సరిగ్గా ఆ అంకె దగ్గర ఆగినట్టు కనిపించడం మరమ్మతులు చేసేవారికి చిరపరిచితమే. హైదరాబాదులో అది టీ తాగి వచ్చేంత విరామం. అండమాన్‌లో, అందులోనూ 2020కి ముందు, అది పూటంతా సాగడానికి కావలసిన కారణాలన్నీ ఉండేవి. డిస్మ్ మామూలుగా తనకు కావలసిన మంచి ఫైళ్లను మైక్రోసాఫ్ట్ సర్వర్ల నుంచి దించుకుంటుంది. వెయ్యి కిలోమీటర్లకు పైగా సముద్రం అవతల ఉన్న దీవులకు ఆనాడు ఉపగ్రహమే ఆధారం. బ్యాంకులు, ఆసుపత్రులు, కార్యాలయాలు, విద్యార్థులు అందరూ ఆ ఇరుకు దారిలోనే నడవాలి.

పైగా ఆ శాతం కాలాన్ని కొలవదు. ఎన్ని దశలు పూర్తయ్యాయో చెబుతుందే తప్ప, మిగిలిన దశ ఎంతసేపు పడుతుందో చెప్పదు. ప్రభుత్వ పథకాల పురోగతి నివేదికలు చదివే అలవాటున్నవారికి ఈ తేడాను విడమరచనక్కరలేదు.

2018 డిసెంబర్ 30న శంకుస్థాపన జరిగిన సముద్రగర్భ కేబుల్ 2020 ఆగస్టు 10న ప్రారంభమైంది. చెన్నై నుంచి పోర్ట్ బ్లెయిర్‌కూ, అక్కడి నుంచి స్వరాజ్ ద్వీప్, రంగత్, లిటిల్ అండమాన్, కార్ నికోబార్, గ్రేట్ నికోబార్ తదితర దీవులకూ సుమారు 2,300 కిలోమీటర్లు. వ్యయం దాదాపు 1,224 కోట్లు. నిజంగా మేలు చేసిన పని అది. (పోర్ట్ బ్లెయిర్ 2024 సెప్టెంబర్‌లో శ్రీ విజయపురం అయింది. పేరు మార్చడానికి ఏ దశలూ అక్కరలేదు, ఒక ప్రకటన చాలు.)

అయితే కేబుల్ తీర్చలేని నిరీక్షణ ఇంకొకటి ఉంది. హార్డ్ డిస్కులో చెడిన చోట్లను వెతికే ‘చెక్‌డిస్క్’కు ఇంటర్నెట్టుతో పని లేదు. సమగ్ర పరీక్ష కోరితే అది డిస్కునంతా చదువుతుంది. ఒక టెరాబైటు డిస్కును సెకనుకు 100 మెగాబైట్ల చొప్పున చదివినా దాదాపు మూడు గంటలు. చెడిన చోటు తగిలితే డిస్కు మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. ఒక్కో చోట ఏడు సెకన్లు పోయాయనుకుంటే, అలాంటివి పది వేలుంటే, పంతొమ్మిది గంటలు అదనం. ఈ మధ్యలో కరెంటు పోకూడదు. దీవులకు ప్రధాన భూభాగపు విద్యుత్ గ్రిడ్‌తో సంబంధం లేదు. సరఫరాలో ఎక్కువ భాగం డీజిల్ జనరేటర్లదే. కరెంటు పోతే పరీక్ష మొదటికి వస్తుంది, చేతిలో ఏమీ మిగలదు.

అసలు ప్రమాదం మాత్రం ఆలస్యం కాదు. భౌతికంగా క్షీణిస్తున్న డిస్కును గంటల తరబడి ఇలా చదివించడమంటే ఊపిరాడని రోగిని మేడమెట్లు ఎక్కించడమే. ఉత్తరాంధ్ర నుంచి తరాల క్రితం వెళ్లి స్థిరపడిన తెలుగు కుటుంబం తన తాతల ఫొటోలను, దుకాణం లెక్కలను, పిల్లల ధ్రువపత్రాల నకళ్లను ఆ ఒక్క డిస్కులోనే దాచుకుని ఉంటే, మరమ్మతు పేరిట అవే పోవచ్చు. ముందు నకలు, తరువాతే మరమ్మతు. ‘డీడీరెస్క్యూ’ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చేసేది ఈ నకలు పనే. అది సులభంగా చదవగల భాగాలను మొదట కాపాడుకుని, మొండి చోట్లను చివరికి వదిలేస్తుంది. ఎక్కడిదాకా వచ్చిందో ఒక ఫైలులో రాసుకుంటుంది. కరెంటు పోయి వస్తే, ఆగిన చోటి నుంచే సాగుతుంది. రాకపోకలకూ కరెంటుకూ హామీ లేని చోట పని ఎలా చేయాలో ఎరిగినవారు రాసినట్టుంటుంది.

డిస్మ్‌కూ ఇలాంటి దారి లేకపోలేదు. కావలసిన ఫైళ్లను సర్వర్ల నుంచి కాక, దగ్గరున్న విండోస్ ప్రతి నుంచి తీసుకొమ్మని దానికి చెప్పవచ్చు. మూడు జిల్లాల కేంద్రాల్లోనూ, కార్యాలయాల్లో వాడే వెర్షన్‌కు సరిపోయే ప్రతిని ఒక పెన్‌డ్రైవ్‌లో ఉంచి, దాని మీద వెర్షన్ పేరు, తేదీ రాసిన చీటీ అంటిస్తే చాలు. ఆ పనికి టెండరు కూడా అవసరం లేదు.