ఆంజనేయులుకి వచ్చిన నంది

నంది అవార్డు అంటే మా ఇంట్లో అందరికీ సినిమావాళ్లే గుర్తొచ్చేవారు. లేపాక్షి బసవన్న పేరు మీద ప్రభుత్వం ఇచ్చే ఆ బహుమతి టీవీవాళ్లకీ ఉందన్న సంగతి మా పిల్లల దాకా వచ్చింది గుండు హనుమంతరావుగారి వల్లే. టీవీ నటనకు ఆయన మూడుసార్లు నంది అందుకున్నారు. విజయవాడ మనిషి కదా, సొంత మేనమామకి వచ్చినంత సంబరపడేవాళ్లు మా వీధిలో. సినిమాల్లోకి వెళ్లకముందు వాళ్లది ఇక్కడ మిఠాయి కొట్టు. ఆ మాట పెద్దవాళ్లు పదేపదే చెప్పుకునేవాళ్లు.

మాకు మాత్రం ఆయన ఆంజనేయులే. జెమినీ టీవీలో 2001 నవంబరు 18న మొదలైన ‘అమృతం’ ఆరేళ్లపాటు, 313 ఎపిసోడ్లు నడిచింది. ఆదివారం రాత్రి కల్యాణి మాలిక్ కట్టిన ఆ పాట మొదలైందంటే, సిరివెన్నెలగారి మాటలు టీవీ కంటే ముందు మేమే పాడేసేవాళ్లం. సోమవారం నాటి హోంవర్కు పుస్తకంలోనే ఉండిపోయేది. అమ్మమ్మ పెద్ద పళ్లెంలో పప్పన్నం కలిపి, అందరికీ చేతిలో ముద్దలు పెడుతూ ఉండేది. హోటల్లో పనిచేసే సర్వం తెర మీదికి రాగానే ఆవిడ చెయ్యి ఆగిపోయేది. నెయ్యి మణికట్టు దాకా కారుతున్నా చూసుకునేది కాదు. “ముద్ద అమ్మమ్మా, ముద్ద” అని మేం గోలపెట్టాలి.

అమృతరావు, ఆంజనేయులు ప్రాణస్నేహితులు. అమృత విలాస్ అని ఒక హోటలు నడుపుతుంటారు. ఇల్లు అప్పాజీది, అద్దె ఎప్పుడూ బాకీయే. ఇంట్లో వాళ్ల భార్యలు సంజీవని, శాంత. వారం వారం అమృతరావుకి ఒక ఆలోచన వస్తుంది, అది బెడిసికొడుతుంది. కథ ఇంతే. ఇంత కథతో అన్నేళ్లు ఊరందరినీ కూర్చోబెట్టడం ఆషామాషీ వ్యవహారం కాదు.

మా నాన్న పరిషత్తు నాటకాలు ఆడిన మనిషి. మేం అమృతరావుని చూసి నవ్వుతుంటే ఆయన చెయ్యి చాపి తెరలో పక్కనున్న మనిషిని చూపించేవారు. “మాట్లాడేవాణ్ణి కాదురా, వినేవాణ్ణి చూడండి” అనేవారు. అప్పుడు చూడటం మొదలుపెట్టాను. అమృతరావు ఉత్సాహంగా పథకం చెబుతుంటాడు. ఆంజనేయులు ముందు వింటాడు. తర్వాత ఒక్క క్షణం ఎక్కడో చూస్తాడు. ఇది జరిగే పని కాదని వాడికి అప్పుడే తెలిసిపోతుంది, మనకీ తెలిసిపోతుంది. అయినా తలూపుతాడు. స్నేహితుడు కదా మరి. మా నాన్న దృష్టిలో నటన అంటే ఆ తలూపడమే. రంగస్థలం మీద ఏళ్లతరబడి పనిచేసినవాడికే అది పట్టుబడుతుందని ఆయన నమ్మకం. హనుమంతరావుగారూ నాటకాల నుంచే వచ్చారు. 1987లో జంధ్యాలగారి ‘అహ నా పెళ్లంట’తో సినిమాల్లో అడుగుపెట్టారు.

నాన్న చెప్పింది ఎంత నిజమో ఆ సీరియల్ నడకే చూపించింది. అమృతరావు వేషం ముందు శివాజీరాజా వేశారు, తర్వాత నరేష్, ఆ తర్వాత హర్షవర్ధన్. కథానాయకుడు ఇలా మారిపోతే ఏ కుటుంబ కథైనా తలకిందులవ్వాలి. ఇది అవ్వలేదు. ఎదురుగా ఆంజనేయులు అదే మనిషి, అదే చూపు. అతను ‘అమృతం’ అని ఎవరిని పిలిస్తే వాళ్లే మాకు అమృతం. ఆ నందుల విలువ నాకు ఇక్కడే కనిపిస్తుంది. కథకి పేరు ఒకరిదైనా, దాన్ని నిలబెట్టింది పక్కనున్నవాడు.

నిర్మాత గుణ్ణం గంగరాజుగారికి, ఆయన మనుషులకి సినిమాలోనూ గుర్తింపు దక్కింది. ‘అమృతం’ తొలి ఎపిసోడ్లు తీసిన చంద్రశేఖర్ యేలేటి, గంగరాజుగారి నిర్మాణంలోనే తీసిన ‘ఐతే’కి 2003 సంవత్సరానికి ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ అవార్డు వచ్చింది. ఆ సినిమా గురించి చాలామంది రాశారు, రాయాల్సిందే. కానీ మా ఇంటికొచ్చే పేపర్లో ప్రతి సినిమాకీ సమీక్ష ఉండేది, ‘అమృతం’ గురించి అలాంటి నాలుగు పేరాలు చదివిన గుర్తు నాకు లేదు. హాస్యం ఎలా పుడుతోంది, మాట ఎక్కడ తెంచుతున్నారు, ఇద్దరు ఆడవాళ్లు ఆ ఇళ్లని ఎలా లాక్కొస్తున్నారు? ఇవన్నీ విడమరచి రాయదగ్గ విషయాలే. ఆ లోటు నాకు ఇప్పటికీ బాధగానే ఉంది.

హనుమంతరావుగారు 2018 ఫిబ్రవరి 19న పోయారు. రెండేళ్లకి, 2020 ఉగాదికి జీ5లో ‘అమృతం ద్వితీయం’ వచ్చినప్పుడు ఆంజనేయులు వేషం ఎల్బీ శ్రీరాంగారు వేశారు. ఆయనా నాటకాల నుంచి వచ్చిన దొడ్డ నటుడే. అంతకంటే తగిన మనిషి దొరికేవారనుకోను. పాత ఎపిసోడ్లు యూట్యూబ్‌లో ఉన్నాయి. నటన నేర్చుకుంటున్న పిల్లలెవరైనా అడిగితే, ఏదో ఒకటి పెట్టుకుని, గొంతులు వినపడకుండా చేసి, ఆంజనేయుల్ని ఒక్కణ్ణే చూడమంటాను.