పూచీ ఎవరిది?

తెలుగు పల్లెల్లో పూచీ అనే మాటకు ఒకప్పుడు చాలా బరువు ఉండేది. ఒకరు అప్పు తీసుకుంటే మరొకరు పూచీగా నిలబడేవారు. అది మాటవరసకు నిలబడడం కాదు. అప్పు తీసుకున్నవాడు చేతులెత్తేసిననాడు ఆ బాకీ పూచీ పడినవాడి గుమ్మం తొక్కేది. అందువల్ల పూచీ పడేవాడు ముందుగా ఆ మనిషిని, అతని పొలాన్ని, అతని నడవడిని ఎరిగి ఉండేవాడు. ముక్కూ మొహం ఎరగని వాడికి ఎవరూ పూచీ పడేవారు కారు. నేడు పూచీ ఒక సరుకైంది. టెలివిజన్‌కు, ఫ్రిజ్‌కు, సెల్‌ఫోనుకు, కారుకు దానిని విడిగా వెలకట్టి అమ్ముతున్నారు. వస్తువు అమ్మేవాడు ఒకడు, దానికి పూచీ పడేవాడు మరొకడు. ఆ ఇద్దరికీ గల సంబంధమేమిటో కొనేవాడు తరచు అడగడు.

ఢిల్లీలోని ఆర్.కె. పురంలో నివసించే ఒక తెలుగు కుటుంబానికి 2025 శీతాకాలంలో ఆ ప్రశ్న ఎదురైంది. వీధి పేర్లకన్న సెక్టారు నంబర్లే ఎక్కువ చెలామణీ అయ్యే ఆ ప్రభుత్వోద్యోగుల కాలనీలో ఆ దంపతులు ఇరవై ఏళ్లకు పైగా ఉన్నారు. ఆయనకు యాభై ఎనిమిదేళ్లు. ఉద్యోగ విరమణకు ఇక రెండేళ్లే ఉంది. జీవితమంతా చిన్న కారుతోనే సరిపెట్టుకున్న ఆయనకు ఒక్క కోరిక మిగిలింది. ఒక మంచి జర్మన్ కారు కొని, ఆగ్రా, ఝాన్సీ, నాగపూరుల మీదుగా స్వయంగా నడుపుకుంటూ రేపల్లె దగ్గరి సొంత ఊరికి వెళ్లాలి. కొత్త కారు ఆయన తాహతుకు మించినది. 2019లో రిజిస్టరైన డీజిల్ కారు ఒకటి, సెకండ్ హ్యాండ్ కార్ల దుకాణంలో ఇరవై రెండు లక్షలకు కనబడింది. కొత్తలో దాని ధర అందుకు రెట్టింపు.

అంత చవకకు ఢిల్లీలో ఒక ప్రత్యేక కారణం ఉంది. రాజధాని ప్రాంతంలో పదిహేనేళ్లు దాటిన వాహనాలు తిరగరాదని 2014లోను, పదేళ్లు దాటిన డీజిల్ వాహనాలు తిరగరాదని 2015లోను జాతీయ హరిత ట్రైబ్యునల్ ఆదేశించింది. 2018 అక్టోబరులో సుప్రీంకోర్టు దానిని సమర్థించింది. అలాంటి బండ్లకు ఇంధనం పోయరాదన్న నిషేధం 2025 జూలై 1న మొదలై, కొద్ది రోజులకే ఆగిపోయింది. వాహన యజమానులపై కఠిన చర్యలు వద్దని ఆగస్టులో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. డిసెంబరులో ఆ రక్షణను బీఎస్-4, ఆపై ప్రమాణాల వాహనాలకే పరిమితం చేసింది. ఇన్ని మలుపుల మధ్య ఏ డీజిల్ కారు ఎన్నాళ్లు తిరుగుతుందో తెలియక, ఖరీదైన కార్లను కూడా త్వరగా వదిలించుకునేవారు ఎక్కువయ్యారు. ఆయన లెక్క మరొకటి. విరమణ తర్వాత ఆంధ్రకే వెళ్లిపోతారు. ఢిల్లీలో పదేళ్లకు ముసలిదైపోయే బండి, కృష్ణానది దాటితే ఇంకా ఉద్యోగంలోనే ఉంటుంది.

ధర కుదిరాక దుకాణంవారు మరో కాగితం ముందుంచారు. అది పొడిగింపు వారంటీ. రెండేళ్లకు లక్షా అరవై వేలు. 18 శాతం జీఎస్టీతో కలిపి 1,88,800 రూపాయలు. అంటే నెలకు ఏడు వేల ఎనిమిది వందల పైచిలుకు. బెంగుళూరులో ఉద్యోగం చేసే కొడుకు ఫోనులో వెంటనే తీర్పు చెప్పాడు: “తీసేసుకోండి నాన్నా, మనశ్శాంతికి ఆ మాత్రం పెట్టవచ్చు.” ఇంటి లెక్కలు చూసే ఆమె మాత్రం తొందరపడలేదు. “ఏమండీ, ఈ కాగితం కారు మంచిదని చెబుతోందా, లేక చెడిపోతుందని చెబుతోందా?” అని అడిగారు.

ఆ ప్రశ్నలో వేళాకోళం ఉన్నా, లోతు కూడా ఉంది. పాత కారు బేరంలోని చిక్కును అర్థశాస్త్రంలో ప్రసిద్ధం చేసిన వ్యాసానికి ఢిల్లీతో ఒక చిన్న బంధం ఉంది. జార్జి అకర్లాఫ్ అనే అమెరికన్ యువ ఆచార్యుడు 1967లో ఆ వ్యాసం ముగించి ఒక పత్రికకు పంపి, న్యూఢిల్లీలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేయడానికి వచ్చాడు. ఆ పత్రిక దానిని తిరస్కరించిన సంగతి ఆయనకు భారతదేశంలో ఉండగానే తెలిసింది. మరి రెండు పత్రికలు కూడా కాదన్నాక 1970లో అది అచ్చయింది. దాని పేరు ‘నిమ్మకాయల బజారు’. అమెరికాలో చెడ్డ కారును నిమ్మకాయ అంటారు. 2001లో ఆయన మరి ఇద్దరితో కలిసి నోబెల్ బహుమతి పొందాడు.

అకర్లాఫ్ వాదం సామాన్యులకు తెలిసినదే. కారు లోగుట్టు అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలియదు. అందువల్ల కొనేవాడు అన్ని కార్లకూ అనుమానపు ధరే ఇవ్వజూపుతాడు. ఆ ధరకు మంచి కారు గలవాడు అమ్మడు. చెడ్డవే బజారులో మిగులుతాయి. దీనికి విరుగుళ్లలో ఒకటి హామీ అని ఆయన అన్నాడు. ఎందుకంటే హామీ ఇచ్చినప్పుడు నష్టభయం కొనేవాడి నుంచి అమ్మేవాడి మీదికి మారుతుంది. తన కారు సంగతి తెలిసినవాడే దాని భారం మోస్తానంటే, ఆ మాటకు విలువ ఉంటుంది. వేరే రుసుము తీసుకుని మూడోవాడు ఇచ్చే కాగితానికి ఆ గుణం లేదు. అది కొనేవాడి భయానికి వెల కడుతుంది తప్ప, కారు గురించి ఏమీ చెప్పదు.

ఆయన మర్నాడు దుకాణానికి వెళ్లి ఒకే మాట అడిగారు: “కారు అంత బాగుందంటున్నారు కదా, మొదటి ఏడాదికి మీరే పూచీ పడతారా?” తాము ఎలాంటి పూచీ ఇవ్వమని, ఆ కాగితం వేరే కంపెనీదని దుకాణంవారు మర్యాదగానే చెప్పారు. అయితే కారును తయారీదారు వర్క్‌షాపులో, కొనేవారి ఖర్చుతో, పరీక్ష చేయించుకోవడానికి ఒప్పుకున్నారు.

ఆ రాత్రి భార్యాభర్తలు వారంటీ షరతులు మొదటి నుంచి చివరి దాకా చదివారు. టైర్లు, బ్రేకు ప్యాడ్లు, బ్యాటరీ వంటి అరిగిపోయే భాగాలకు వర్తించదు. ప్రతి సర్వీసూ గడువు దాటకుండా, గుర్తింపు పొందిన వర్క్‌షాపులోనే జరగాలి. ముందుగా అనుమతి లేకుండా మరమ్మతు చేయిస్తే పైసా రాదు. ఒక్కో మరమ్మతుకు ఒక పరిమితి, మొత్తానికి మరో పరిమితి ఉన్నాయి. కొనేనాటికే ఉన్న లోపాలకు బాధ్యత లేదు. ఈ చివరి వాక్యం దగ్గర ఆమె వేలు ఆగింది.

మూడు రోజుల తర్వాత వర్క్‌షాపు నివేదిక వచ్చింది. ఇంజను బాగుంది. సర్వీసు పుస్తకంలోని కిలోమీటర్లు వర్క్‌షాపు రికార్డులతో సరిపోయాయి. గేర్ బాక్సు అతుకు వద్ద నూనె చెమరుస్తోంది. ఈనాటి ఖరీదైన కార్లలో గేర్లు మార్చేది ఎలక్ట్రానిక్ యంత్రాంగం. అంబాసిడర్ రోజుల్లో వీధి చివరి మెకానిక్కు విప్పి బాగుచేసినట్లు దీనిని చేయడం సాధ్యం కాదు. చాలా సందర్భాలలో మొత్తం భాగాన్నే మార్చవలసి వస్తుంది. నూనె కారడం ముదిరి గేర్ బాక్సు దెబ్బతింటే ఖర్చు నాలుగు లక్షలు దాటవచ్చునని వర్క్‌షాపువారు అన్నారు. ఏ భాగానికి రక్షణ అవసరమో, ఆ భాగాన్నే కాగితం వదిలేస్తుందన్నమాట.

పూచీ సంగతి ఆయనకు పుస్తకాల వల్ల తెలిసింది కాదు. బడిపంతులైన తండ్రి సహోద్యోగి ఒకరికి సహకార సంఘంలో పూచీ పడి, ఆ బాకీని ఏడేళ్లు తన జీతంలోంచి కట్టారు. ఆ ఏడేళ్లూ ఇంట్లో పండుగకు కొత్త బట్టలు లేవు. “మనం మోయగలిగినంతకే పూచీ పడాలిరా” అని తండ్రి చివరి రోజుల్లో కూడా అనేవారు. ఇప్పుడు ఆయన తన కారుకు తానే పూచీ పడవలసి వస్తే ఎంత మోయగలరన్నదే ప్రశ్న.

“నాలుగు లక్షల మరమ్మతు వస్తే మన సంసారం కదిలిపోతుందా?” అని ఆమె అడిగారు. ఒకసారైతే కదలదని, రెండోసారి వస్తే కదులుతుందని లెక్కలో తేలింది. “మరి రెండేళ్లకు ఈ కాగితం, మీ జీతం ఒకేసారి ఆగిపోతాయి. మూడో ఏట ఏం చేస్తాం?” అన్నది ఆమె రెండో ప్రశ్న. దానికి కాగితంలో జవాబు లేదు.

చివరకు వారు వారంటీ కొనలేదు. నూనె కారే అతుకును అమ్మకానికి ముందే తయారీదారు వర్క్‌షాపులో బాగుచేయించాలని, దాని బిల్లు తమకు ఇవ్వాలని, గేర్ బాక్సుకు ఆరు నెలల పూచీ దుకాణం తన పేరుతో రాసి ఇవ్వాలని అడిగారు. రెండు రోజులు తటపటాయించి దుకాణంవారు ఒప్పుకున్నారు. వారంటీకి పోవలసిన 1,88,800 రూపాయలను ఆమె బ్యాంకులో వేరే ఖాతాలో వేయించారు. మరమ్మతులు అందులోంచే చేయించాలి. మొత్తం ఖర్చు నాలుగు లక్షలు దాటిననాడు, వచ్చిన ధరకు కారు అమ్మేయాలి. ఆ షరతుకు ఆయన కొంచెం బాధతోనే తల ఊపారు.

అందరికీ ఇదే సరైన జవాబు కాదు. వాయిదాల మీద కారు కొని, చేతిలో నిల్వ లేని యువకుడికి ఒక్క పెద్ద మరమ్మతు కూడా పిడుగుపాటే. తయారీదారే పూచీ పడి, పరిమితులు సముచితంగా ఉంటే, అతనికి వారంటీ మేలు చేయవచ్చు. అయితే అతను కూడా ముందు కారును పరీక్ష చేయించాలి. ఆ తర్వాతే కాగితం చదవాలి. ఈ వరుస తప్పితే, అక్కరలేని భాగాలకు డబ్బు కట్టి, అసలు లోపాన్ని ఉచితంగా ఇంటికి తెచ్చుకున్నట్లవుతుంది.

కాగితం ఎవరైనా కొనుక్కోవచ్చు. పూచీ మాత్రం ఎవరో ఒకరు నిలబడి మోయవలసిందే. ఆ ఒకరు ఎవరో, ఎంతవరకు మోస్తారో, ఎప్పుడు తప్పుకుంటారో డబ్బు చెల్లించక ముందే తెలుసుకోవాలి. పల్లెటూరి పెద్దలు అప్పు పత్రం మీద వేలిముద్ర వేసే ముందు అడిగినవి ఈ మూడు ప్రశ్నలే.