తాతమ్మ సవరం

ఆబిడ్స్ నుంచి నాంపల్లి స్టేషన్ వైపు వెళ్తుంటే సరోజినీ నాయుడుగారి ఇల్లు గోల్డెన్ థ్రెషోల్డ్ వస్తుంది. 1905లో అచ్చయిన ఆవిడ కవితల పుస్తకం పేరే ఇంటికీను. నాకు మాత్రం కవిత్వం కన్నా ముందు ఆవిడ తల గుర్తొస్తుంది. పాత ఫోటోల్లో చూడండి: నడిపాపిడి, చెవుల మీదుగా వదులుగా దించిన జుట్టు, మెడ మీద ముడి. ఎంత ముచ్చటగా ఉంటుందో!

ఆ రోజుల్లో దొరసానులు నుదుటి మీద జుట్టు గోపురంలా లేవడానికి లోపల రాలిన వెంట్రుకల ఉండలు పెట్టుకునేవారు. మనవాళ్ళేం తక్కువ తిన్నారా? దువ్వెనకొచ్చిన ప్రతి పోగూ చూరులో దోపి, చారెడయ్యాక సవరం కట్టించుకునేవారు. ఇప్పుడంటే బజార్లో కొనేస్తున్నాం గానీ.

మా తాతమ్మకీ ఉండేదిట, బారెడు సవరం. 1917లో, పంతొమ్మిదో ఏట తాతయ్య పోతే, పెరట్లో పీట వేసి మంగలిని పిలిచారు. 1898లో సరోజినిగారి పెళ్ళి జరిపించిన వీరేశలింగం పంతులుగారు, 1881 నుంచే వితంతువులకి పెళ్ళిళ్ళు చేస్తున్నారు. ఆ కబురు మా ఊరికి రాలేదు కాబోలు.

సవరాన్ని మాత్రం పారెయ్యలేదు. "ముత్తైదువగా ఉన్నప్పటి జుట్టేగా, దోషం లేదు" అన్నారట పెద్దలు. ఇంట్లో ఏ ఆడపిల్ల పెళ్ళయినా పూలజడకి అదే ఆధారం. చిక్కు తీసి, నూనె రాసి ఇచ్చేది తాతమ్మే. పందిట్లోకి రాకూడదు గనక వెనక వసారాలో కూచుని.