దిగగానే ఫోన్ చెయ్యి

ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది సంగతి. రోజూ రాత్రి 2 గంటలకి డేటాబేస్ బ్యాకప్ తీసే పని నాకు అప్పగించారు. ఇదేం బ్రహ్మవిద్యా అనుకున్నాను. 1979 నాటి యూనిక్స్ ఏడో ఎడిషన్‌లోనే క్రాన్ ఉంది కదా!

క్రాన్ అంటే మీకు తెలిసిందే. నిమిషానికోసారి లేచి, క్రాన్‌ట్యాబ్ అనే చిట్టా చూసుకుని, ఆ నిమిషానికి రాసున్న పని చేయించి మళ్ళీ పడుకుంటాడు. నిమిషం, గంట, తేదీ, నెల, వారం... ఈ అయిదు గళ్ళలో 0 2 * * * అని రాస్తే రోజూ రాత్రి రెండింటికి అన్నమాట.

కమాండ్‌ని ముందు టెర్మినల్‌లో నడిపి చూశాను. బ్రహ్మాండంగా పనిచేసింది. ఫైలు పేరులో ఆ రోజు తేదీ కూడా వచ్చేట్టు పెట్టాను. అదే లైను క్రాన్‌ట్యాబ్‌లో అతికించి, అయిపోయిందని మా లీడ్‌కి మెయిల్ కొట్టాను.

మూడు నెలల తర్వాత ఓ సాయంత్రం ఎవరో పొరపాటున ఒక టేబుల్ మొత్తం తుడిచేశారు. "బ్యాకప్ ఉందిగా" అని దర్జాగా ఫోల్డర్ తెరిచాను. ఒకే ఒక్క ఫైలు. నేను చేత్తో నడిపిన రోజుది!

తేదీ కోసం డేట్ కమాండ్‌లో శాతం గుర్తు (%) వాడతాం కదా. క్రాన్‌ట్యాబ్‌లో దాని ముందు బ్యాక్‌స్లాష్ పెట్టకపోతే, కమాండ్ అక్కడితో అయిపోయిందనుకుని మిగతాది ఇన్‌పుట్‌గా పంపేస్తాడు. మాన్యువల్‌లో ఉంది. నేను చదవలేదు.

పాపం క్రాన్ దాచిపెట్టిందేమీ లేదు. పని ఏదైనా సణిగితే ఆ సణుగుడంతా మెయిల్ చెయ్యడం అతని అలవాటు. ఆ మెషీన్‌లోనే, ఎవరూ తెరవని రూట్ మెయిల్ డబ్బాలో తొంభై పైచిలుకు ఉత్తరాలున్నాయి, రోజుకొకటి చొప్పున.

ఆ రాత్రి ముగ్గురం కూర్చుని లాగ్ ఫైళ్ళలోంచి ఏరుకుంటూ కొంత తిరిగి తెచ్చాం. కొంత ఎప్పటికీ రాలేదు. మా లీడ్ తిట్టలేదు. "ఒక్కరోజైనా ఆ ఫోల్డర్ చూశావా?" అని మాత్రం అడిగాడు. తిట్టినా బావుండేది.

ఆ వారాంతం ఊరెళ్ళి తిరిగి బస్సెక్కుతుంటే అమ్మ ఎప్పటిలాగే "దిగగానే ఫోన్ చెయ్యి" అంది. పొద్దున్న ఏడు దాటినా నా ఫోన్ రాకపోతే తనే చేస్తుంది, నేను ఎత్తకపోతే నా రూమ్మేట్‌కి చేస్తుంది. బస్సు చెడిపోయిందన్న కబురు కోసం కాదు, చేరాడన్న కబురు కోసం చూస్తుంది. అది రాకపోవడమే ఆవిడకి అలారం.

నేను చేసింది సరిగ్గా తలకిందులు. కబురు లేదంటే క్షేమమే అనుకున్నాను. మెషీనే ఆగిపోతే సణగడానికి కూడా ఎవరూ ఉండరని తట్టలేదు.

ఇప్పుడు నా స్క్రిప్టులన్నింటికీ ఆఖరి లైను ఒకటే: ఫైలు తయారై, సైజు సరిగా ఉంటేనే వేరే మెషీన్‌కి "చేరాను" అని చెప్పడం. మూడింటికల్లా ఆ కబురు రాకపోతే నా ఫోన్ మోగుతుంది. నెలకోసారి ఓ బ్యాకప్ తీసి నిజంగా రీస్టోర్ చేసి కూడా చూస్తాను.

వీలైతే ఇవాళ మీ బ్యాకప్ ఫోల్డర్ ఓసారి తెరిచి చూడండి. అలాగే, ఊర్నుంచి వచ్చినవాళ్ళు ఇంటికి ఫోన్ చెయ్యండి :)