న్యూగేల్ నుంచి నాన్నగారికి

న్యూగేల్, ఆదివారం రాత్రి

నాన్నగారికి,

ఇక్కడ ఫోన్‌కి సిగ్నల్ లేదు, అందుకే ఉత్తరం. పిల్లలు డేరాలో పడుకున్నారు. మీ అల్లుడుగారికీ గాలికీ గొడవ ఇంకా తేలలేదు.

ఇది వేల్స్ పడమటి చివర. రెండు మైళ్ల ఇసుక, వెనక గులకరాళ్ల కట్ట, ఎదురుగా అట్లాంటిక్. నైరుతి గాలికి దారిలో చెట్టూ లేదు పుట్టా లేదు. మధ్యాహ్నం ఉప్మా చేద్దామంటే స్టవ్ మంట పక్కకి పడుకుంటోంది, గిన్నె అడుగు వేడెక్కదు. ఉడికీ ఉడకని రవ్వలో ఇసుక. చిన్నది ఒక ముద్ద తిని "అమ్మమ్మ చేసింది కావాలి" అని ఏడుపు. నాకూ అదే కావాలనిపించింది. స్టవ్ డేరాలోపల పెడదామన్నారు ఈయన. కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవు, నిద్రలోనే పోతామని చెప్పి సిలిండర్ లాగేసుకున్నాను.

ఇక్కడివాళ్లు చారల గుడ్డకి కర్రలు దూర్చిన విండ్‌బ్రేక్ తెచ్చుకుంటారు. కొట్లో 40 పౌండ్లన్నాడు. "గుడ్డకీ కర్రలకీ నాలుగు వేల పైమాటా!" అని మీ అల్లుడు బేరమాడబోయారు. బేరాలు లేని దేశంలో ఆయన బాధ చూడాలి! చివరికి టార్పాలిన్ కొని కట్టారు. గాలి దాని మీదుగా దూకి, వెనక సుడి తిరిగి, సరిగ్గా మా మెడల మీదే పడింది. చీకటిపడే వేళకి మేకులతో సహా లేచిపోయింది. అమ్మకి చెప్పకండి, నెల్లాళ్లు నవ్వుతుంది.

మంగళవారం, వాన

నాకు జలుబు, అందరి మీదా విసుగు. నిన్న సెయింట్ డేవిడ్స్ చర్చి చూశాం. బాగుంది.

టార్పాలిన్ పోయినప్పుడు మీ తడిక గుర్తొచ్చింది. సందుల్లేకుండా అల్లితే గాలి పీక్కుపోతుందనేవారు కదా. అందుకే నర్సరీల మీద కప్పే షేడ్‌నెట్ కొన్నాను, సగానికి సగం సందులున్నది. దబ్బనంతో గొట్టాల్లా కుట్టి ఐదడుగుల కర్రలు దూర్చాను. వల గాలిని ఆపదు, నీరసపరుస్తుంది. సుడి తగ్గుతుంది, వల ఎత్తుకి ఎన్నో రెట్ల దూరం దాకా గాలి జోరు తగ్గుతుంది. మన ఊరి సరుగుడు తోపు చేసేదీ ఈ పనే.

పాతడం మాత్రం పక్క డేరాలోని పోలెండ్ పెద్దాయన నేర్పారు. గాలి వచ్చే వైపు కర్ర ముందు పాతాలి, అడుగున్నర లోతు. కర్రలు గాలి వైపుకి కాస్త వాలాలి. వరస తిన్నగా కాకుండా, వంపు గాలికి ఎదురుగా ఉండాలి. ఇసుకలో మేకు నిలవదు. సంచిలో ఇసుక నింపి, తాడు కట్టి, మూరెడు లోతున పూడ్చితే కదలదు. వాళ్ల బాల్టిక్ తీరంలో తెల్లారకముందే వచ్చి ఈ గుడ్డలు పాతి చోటు పట్టేస్తారట, మనవాళ్లు బస్సు కిటికీలోంచి సీట్లో తువ్వాలు వేసినట్టు. దాని మీద అక్కడ పోట్లాటలు కూడానట!

సాయంత్రం వాన తెరిపిస్తే అన్నం వండాను. ఉడికింది. ఆవకాయ సీసా అడుగు కనిపిస్తోంది, అమ్మని పంపమనండి. చెల్లికి వచ్చిన సంబంధం వాళ్లు ఏమన్నారు? బర్మింగ్‌హామ్‌లో ఇల్లు చేరగానే ఫోన్ చేస్తాను, అప్పటిదాకా ఏ మాటా ఇవ్వకండి.

మీ అమ్మాయి