మరచిపోక ముందే

మా ఇంటిలో జరిగిన ఒక సంగతి మీ ఇంటికి కూడా పనికివస్తుందని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

మా నాన్నగారు బడిపంతులుగా పనిచేసి రిటైరైనవారు. 2019లో ఒక లాప్‌టాప్ కొన్నారు. కౌలు లెక్కలు, పొలం కాగితాల నకళ్లు, అమ్మ ఫోటోలు అన్నీ అందులోనే దాచారు. 2021లో అమ్మ కన్నుమూసింది. ఆ ఫోటోలు మరెక్కడా లేవని తెలిసినా, ఇంకొక నకలు తీసి ఉంచుదామని మాలో ఎవరికీ తోచలేదు.

2023లో నాన్నగారికి పక్షవాతం వచ్చింది. ఆసుపత్రి నుండి ఇంటికి వచ్చిన నెలకు, "మీ అమ్మను ఒకసారి చూపించండిరా" అన్నారు. లాప్‌టాప్ తెరిచాము. పాస్‌వర్డ్ అడిగింది. ఎంత తలచుకున్నా ఆయనకు గుర్తు రాలేదు. "నా చేత్తో పెట్టిందే, నాకే రావడం లేదు" అని కంట తడి పెట్టుకున్నారు.

పట్నంలో రిపేరు షాపుకు తీసుకువెళ్లాము. లోపల ఉన్నదంతా తుడిచి మళ్లీ విండోస్ వేస్తే మిషన్ పనిచేస్తుందన్నాడు. అమ్మ ఫోటోలు లేని మిషన్ మాకెందుకు? తిరిగి ఇంటికి తెచ్చుకున్నాము.

ఆ రాత్రి ఏదో ఒక పాస్‌వర్డ్ కొట్టి చూశాము. తప్పని చెప్పి, కింద 'రీసెట్ పాస్‌వర్డ్' అని చూపింది. దానిని నొక్కితే మూడు ప్రశ్నలు వచ్చాయి: పుట్టిన ఊరు, మొదట పెంచిన జంతువు పేరు, చిన్ననాటి ముద్దుపేరు. కంప్యూటర్‌లోనే ఉండే ఖాతాలకు విండోస్ 10లో 2018 నుండి ఉన్న ఏర్పాటు ఇది. నిన్నటి మాట మరచిన నాన్నగారు అరవై ఏళ్లనాటి కుక్క పేరు వెంటనే చెప్పారు. "మోతి!" అయితే ఇంగ్లీషులో 'టి' తరువాత 'హెచ్' ఉన్నదా లేదా? రెండు విధాలా కొట్టి చూశాము. 'హెచ్' పెట్టినప్పుడు తలుపు తెరుచుకున్నది. అమ్మ ఫోటో చూసి ఆయన చాలాసేపు మాట్లాడలేదు.

ఆ వారమే మేము కొన్ని పనులు చేశాము. ఫోటోలు, కాగితాలు మరో రెండు చోట్ల నకలు తీశాము. కంట్రోల్ ప్యానెల్‌లో 'పాస్‌వర్డ్ రీసెట్ డిస్క్' అనే దానిని ఒక పెన్‌డ్రైవ్‌లో చేసుకున్నాము. పాస్‌వర్డ్ తెలిసి ఉన్నప్పుడే దీనిని చేసుకోవాలి. తరువాత పాస్‌వర్డ్ మార్చినా అదే పనిచేస్తుంది. అది ఎవరి చేతికి చిక్కినా కంప్యూటర్ తెరవవచ్చు గనుక, పట్టాదారు పాసు పుస్తకంతో పాటు బీరువాలో పెట్టి తాళం వేశాము. మూడు జవాబులను, వ్రాసిన అక్షరాలతో సహా, ఒక నోటు పుస్తకంలో వ్రాసి అక్కడే ఉంచాము.

కొందరి కంప్యూటర్‌కు ఇంటర్నెట్ ఖాతా పాస్‌వర్డే ఉంటుంది. వారికి ఈ పెన్‌డ్రైవ్ పనిచేయదు. వారు ఖాతాలో తమ ఫోన్ నంబరు, ఇంకొక ఈమెయిలు ఇచ్చి ఉంచాలి. సిమ్ మార్చిన రోజే అక్కడ కూడా నంబరు మార్చాలి. ఆ ఫోనుకు వచ్చే కోడ్‌ను ఎవరు అడిగినా చెప్పకూడదు.

మా నాన్నగారికి మోతి గుర్తుండబట్టి మేము గట్టెక్కాము. మీ ఇంటి పెద్దలను ఈ రోజే, వారు హాయిగా ఉన్నప్పుడే, పక్కన కూర్చోబెట్టుకొని ఈ పని ముగించండి.